పెళ్లిరోజుకు రవెన్నా వెళ్లిరండి

ప్రశ్న: మాది కాకినాడ. వచ్చే నెల మా రెండో పెళ్లిరోజు. మా వారు ఇటలీలోని బొలోన్యాలో ప్యాకింగ్ మెషిన్లు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. నేను వచ్చి తొమ్మిది నెలలైంది. వారానికి నాలుగు రోజులు ప్రభుత్వ బడిలో ఇటాలియన్ క్లాసుకు వెళ్తున్నాను. ఆయనకు ఖాళీ దొరికేది ఆదివారమే. కాంట్రాక్టు ఇంకో ఏడాదే ఉంది, ఈలోపు ఇటలీ మొత్తం చూసెయ్యాలి అంటారు. మొన్న నెల మొదటి ఆదివారం ఫ్లోరెన్స్ వెళ్లాం. ఆయన ఏడు చోట్లు రాసుకొచ్చారు. ఆ రోజు మ్యూజియం ఉచితం కదా అని రెండు గంటలు క్యూలో నిలబడి, లోపలికి వెళ్లకుండానే వచ్చేశాం. రోజంతా ఆయన ఫోన్ చూసుకుంటూ ముందు, నేను వెనక. తిరుగు ప్రయాణంలో స్టేషన్లో అందరూ టికెట్లు ఒక మెషిన్‌లో పెడుతుంటే "మనమూ పెట్టాలేమో" అన్నాను. "అదేం అక్కర్లేదు, పద" అన్నారు. టికెట్ మీద తేదీ, టైమ్ ముద్ర పడలేదని రైల్లో జరిమానా వేశారు. టీసీతో నాకు వచ్చిన ఇటాలియన్‌లో మాట్లాడబోతే, అందరి ముందూ "నీకేం తెలుసు, ఊరుకో" అన్నారు. ఇంటికొచ్చాక మూడు రోజులు మాటల్లేవు. ఇప్పుడు పెళ్లిరోజుకు వెనిస్ అంటున్నారు. నాకు తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. ఇంట్లోనే ఉందామంటే, అత్తయ్యగారు ఫోన్‌లో "అంత దూరం వెళ్లి ఇంట్లో కూర్చుంటారా, ఫోటోలు పెట్టండి" అంటున్నారు. ఏం చేయమంటారు? మేమిద్దరం మాంసం తినం.

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. వెనిస్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ మెషిన్ సంగతి మాట్లాడుకోవాలి.

మీరు చూశారు, చెప్పారు, మీరు చెప్పిందే నిజమైంది. అయినా మాట పడింది మీరే. జరిమానా డబ్బు రెండు వారాల్లో మర్చిపోతారు. "నీకేం తెలుసు" అన్న మాట మాత్రం ప్రతి స్టేషన్లోనూ గుర్తొస్తుంది. వెనిస్ పేరు చెప్తే టెన్షన్ వస్తోందన్నారే, అది వెనిస్ వల్ల వస్తున్నది కాదని నాకనిపిస్తోంది. అందుకే ఊరు ఏదనే ప్రశ్నకంటే ముందు, ఈ మాట ఆయనతో చెప్పాలి. పెళ్లిరోజు నాడో, ప్లాట్‌ఫాం మీదో వద్దు. ఏ శుక్రవారం రాత్రో, భోజనమయ్యాక, ఆయన చేతిలో ఫోన్ లేనప్పుడు చెప్పండి. "జరిమానా గురించి నాకేం లేదు. టీసీ ముందు మీరన్న మాటకు బాధపడ్డాను. నేను రోజూ ఆ భాష నేర్చుకుంటున్నాను. ఈసారి టికెట్లు, దారి నేను చూసుకుంటాను, మీరు నాతో రండి." ఇంతే చాలు. పాతవన్నీ తవ్వద్దు. ఆ తర్వాత కాసేపు ఆయన ఏమీ అనకపోయినా ఊరుకోండి. కొందరికి తప్పు ఒప్పుకోవడానికి ఒక రాత్రి పడుతుంది.

మీ తప్పు కూడా ఒకటి ఉంది, చెప్తాను. మూడు రోజులు మాట్లాడకుండా ఉన్నారు. ఊళ్లో అయితే అమ్మ ఉంటుంది, పక్కింటి పిన్నిగారు ఉంటారు, ఇంట్లో ఏదో ఒక గొంతు వినిపిస్తుంది. అక్కడ మీరిద్దరూ మాటలు మానేస్తే ఆ ఇంట్లో ఇక తెలుగు వినపడదు. అంత శిక్ష ఇద్దరికీ వద్దు.

మీ వారి వైపు నుంచి కూడా ఆలోచించాను. కాంట్రాక్టు ఏడాదే ఉందని రాశారు. కొత్త దేశంలో ఉద్యోగం, ఉంటుందో ఊడుతుందో తెలియని పర్మిట్, వెనక్కి వెళ్తే మళ్లీ రాగలమో లేదో అన్న బెంగ. వారంలో దొరికే ఒక్క రోజులో అన్నీ మీకు చూపించెయ్యాలని ఆ ఏడు పేర్లూ రాసుకున్నారు. ఆ కాగితంలో ప్రేమ ఉంది. కానీ కాలికి బలపం కట్టుకుని తిరిగిన రోజు మనసులో నిలవదు. ఇది నేను అనుభవం మీద చెప్తున్నాను.

మేము కొన్నేళ్లు పాదువాలో ఉన్నాం. అక్కడి నుంచి వెనిస్‌కు రైల్లో అరగంట. మొదటి ఏడాది నెలకో ఊరు చొప్పున ఉరుకులు పరుగుల మీద చుట్టబెట్టాం. ఫోటోలు పెట్టెల నిండా ఉన్నాయి, వాటిలో చాలావాటికి ఏది ఏ ఊరో నాకు ఇప్పుడు తెలియదు. నాకు గడియారంతో సహా గుర్తున్నది ఒక సాయంత్రం. పాదువాలోనే ప్రాతో దెల్లా వాల్లె అని పెద్ద మైదానం ఉంది. కోడిగుడ్డు ఆకారంలో సన్నని కాలువ, దాని గట్లకు రెండు వరసల్లో 78 రాతి విగ్రహాలు. ఆ రోజు ఒంట్లో బాగాలేక ఎక్కడికీ వెళ్లలేదు. డబ్బాలో పులిహోర పెట్టుకుని వెళ్లి ఆ గడ్డి మీద కూర్చున్నాం. చీకటిపడే దాకా పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు. మా వారు ఈ రోజుకీ ఇటలీ అంటే ఆ సాయంత్రమే చెప్తారు.

ఇక ఊరి సంగతి. నా మాట విని పెళ్లిరోజుకు వెనిస్ వద్దు, రవెన్నా వెళ్లండి. బొలోన్యా నుంచి నేరుగా రీజనల్ రైలు ఉంది, గంటంపావు ప్రయాణం. హైస్పీడ్ రైలు ఖర్చు లేదు, మధ్యలో మారడం లేదు. ఊరు చిన్నది, స్టేషన్ నుంచి అన్నీ నడిచి చూడొచ్చు. ఈ చిన్న ఊరు 402లో పశ్చిమ రోమన్ సామ్రాజ్యానికి రాజధాని అయింది. ఆ తర్వాతి రెండు వందల ఏళ్లలో కట్టిన గుళ్లూ సమాధులూ ఎనిమిదింటిని 1996లో యునెస్కో జాబితాలో చేర్చారు. ఎనిమిదీ చూడాలని ఆయన కాగితం తీస్తే, మూడు చాలని చెప్పండి. ఆ మూడూ నేను చెప్తాను.

మొదటిది గాల్లా ప్లాచీదియా అనే రోమన్ రాణి పేరు మీదున్న సమాధి మందిరం. బయట నుంచి చూస్తే ఏముంది ఇందులో అనిపించే చిన్న ఇటుక కట్టడం. లోపలికి వెళ్లగానే ఏమీ కనబడదు. మన గర్భగుడిలోకి ఎండలోంచి వెళ్లినట్టు ఉంటుంది, కళ్లు సర్దుకునే దాకా ఆగాలి. కిటికీలకు అద్దాల బదులు పల్చని అలబాస్టర్ రాతి పలకలు ఉంటాయి, వాటిలోంచి తేనె రంగు వెలుగు వస్తుంది. కాసేపటికి నెత్తి మీద ముదురు నీలం ఆకాశం, దాని నిండా బంగారు చుక్కలు తేలుతాయి. అన్నీ చిన్న చిన్న గాజు ముక్కలతో అతికినవి, పదిహేను వందల ఏళ్లనాటివి. గోడ మీద ఒకచోట పావురాలు పళ్లెం అంచున వాలి ఉంటాయి, ఇంకోచోట జింకలు నీళ్ల దగ్గరికి వస్తుంటాయి. జనం ఎక్కువగా ఉంటే లోపల కొద్ది నిమిషాలే ఉండనిస్తారు, కాబట్టి ఆ కాసేపూ ఫోన్ పైకెత్తకుండా తల పైకెత్తండి. దీనికి ముందే టైమ్ స్లాట్ బుక్ చేసుకోవాలి. శాన్ వితాలెకు, మరికొన్నిటికి కలిపి ఒకే టికెట్ ఉంటుంది. ఆ బుకింగ్ మీరు చేయండి.

రెండోది దాని పక్కనే ఉన్న శాన్ వితాలె గుడి. 547లో ప్రతిష్ఠ జరిగింది. పెళ్లిరోజుకు రవెన్నా అన్నది ముఖ్యంగా దీనికోసమే. గర్భాలయం రెండు పక్కల గోడల మీద గాజు ముక్కల బొమ్మల్లో తూర్పు రోమన్ చక్రవర్తి జస్టీనియన్ ఒకవైపు, ఆయన భార్య థియొడొరా ఇంకోవైపు, ఎదురెదురుగా నిలబడి ఉంటారు. ఆయన చేతిలో నైవేద్యపు పళ్లెం, ఆమె చేతిలో బంగారు పాత్ర. ఇద్దరూ ఒకే ఎత్తులో, ఒకే గౌరవంతో ఉంటారు. థియొడొరా తండ్రి ఆ చక్రవర్తి రాజధాని కాన్‌స్టాంటినోపుల్ క్రీడారంగంలో ఎలుగుబంట్లను సాకేవాడు. ఆమె నాటకాలాడేది. ఆ కాలంలో పెద్ద హోదా ఉన్నవాళ్లు నటిని పెళ్లాడకూడదని చట్టం. ఆ చట్టం మార్పించి మరీ ఆయన ఆమెను చేసుకున్నాడు. 532లో ఆ రాజధానిలో పెద్ద తిరుగుబాటు జరిగింది. ఓడలు సిద్ధంగా ఉన్నాయి, పారిపోదామని సభలో మాటలు నడుస్తున్నాయి. అప్పుడు థియొడొరా లేచి, నేను వెళ్లను అందని ఆ కాలపు చరిత్రకారుడు ప్రొకోపియస్ రాశాడు. చక్రవర్తి ఆమె మాట విన్నాడు, ఆగాడు, రాజ్యం నిలబెట్టుకున్నాడు. ఈ గుడి ప్రతిష్ఠ జరిగిన మరుసటి ఏడాదే ఆమె చనిపోయింది. ఆయన ఇంకో పదిహేడేళ్లు బతికాడు, మళ్లీ పెళ్లి చేసుకోలేదు.

ఈ కథ ఆ గోడల ముందు నిలబడి మీరే ఆయనకు చెప్పండి. గైడ్ అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు. కాస్త పక్కకు జరిగి చూస్తే ఆ బంగారు ముక్కలు ఒక్కోచోట నుంచి ఒక్కోలా మెరుస్తాయి. గాజు ముక్కలను సమంగా కాకుండా అటూ ఇటూ కొంచెం వాల్చి అతికించారు, అందుకని మనం కదిలితే వెలుగూ కదులుతుంది. థియొడొరా చీర అంచు అనాలనిపిస్తుంది నాకు, ఆ పైవస్త్రం అంచు మీద కానుకలు పట్టుకెళ్తున్న ముగ్గురు మనుషుల బొమ్మలుంటాయి. మన కలంకారీ చూసిన కళ్లకు అవి వెంటనే దొరుకుతాయి.

మూడోది సాంత్ అపొల్లినారె నువొవొ అనే గుడి. పొడవాటి హాలు గోడల మీద గాజు ముక్కల బొమ్మల్లో ఒకవైపు 22 మంది స్త్రీలు, ఎదుటి వైపు 26 మంది పురుషులు వరసగా నడుస్తుంటారు. అక్కడ ఒక చిన్న పని పెట్టుకోండి. థియొడొరిక్ అనే గోత్ తెగ రాజు కట్టించిన గుడి అది. తర్వాత వచ్చిన బైజాంటిన్, అంటే తూర్పు రోమన్, పాలకులు, రాజభవనం బొమ్మలో ఉన్న ఆ రాజు మనుషులను చెరిపించి, వాళ్ల స్థానంలో తెరలు అతికించారు. కానీ స్తంభాల మీద ఉన్న చేతులు అలాగే మిగిలిపోయాయి. మనిషి లేడు, చెయ్యి ఉంది. ఆ చేతులు ఎన్ని ఉన్నాయో ఇద్దరూ కలిసి వెతకండి.

మధ్యలో ఇటలీ మహాకవి దాంతె సమాధి వస్తుంది, టికెట్ లేదు. ఫ్లోరెన్స్ ఆయన్ని 1302లో వెళ్లగొట్టింది. చివరి రోజులు రవెన్నాలో గడిపి 1321లో ఇక్కడే పోయాడు. ఫ్లోరెన్స్‌లో ఆయన కోసం కట్టిన సమాధి ఇప్పటికీ ఖాళీయే. ఇక్కడి దీపానికి మాత్రం ఏటా సెప్టెంబరులో ఫ్లోరెన్స్ వాళ్లే నూనె తెచ్చి పోస్తారు. ఆ దీపం ఒక్కసారి చూడండి. సొంత ఊరికి దూరంగా ఉన్నవాళ్లకు దాని ముందు ఏదో తెలుస్తుంది.

తిండి గురించి జాగ్రత్త. ఆ ప్రాంతపు రొట్టె పియాదీనా, చూడటానికి మన మైదా చపాతీలా ఉంటుంది, జున్నూ ఆకుకూరా పెట్టి మడిచి ఇస్తారు. చాలామంది మనవాళ్లు శాకాహారమే కదా అని తినేస్తారు. పాత పద్ధతిలో ఆ పిండిలో స్ట్రుత్తో, అంటే పందికొవ్వు, కలుపుతారు. ఆలివ్ నూనెతో చేసినవీ దొరుకుతాయి. "సెంజా స్ట్రుత్తో?" (పందికొవ్వు లేనిదేనా?) అని అడగండి, సూటిగా చెప్తారు. అలాగే అక్కడి జున్నుల్లో చాలావాటికి పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసే రెన్నెట్ వాడతారు, పార్మెజాన్ కూడా అంతే. పట్టింపు ఉంటే ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది. ఇంకొకటి, భోజనం మధ్యాహ్నం పన్నెండున్నరకూ రెండుకూ మధ్య అయిపోవాలి. రెండున్నర దాటితే చాలా వంటిళ్లు మూసేస్తారు, మళ్లీ ఏడింటికే. మీ ఫ్లోరెన్స్ గొడవలో సగం ఆకలిదే అయి ఉంటుందని నా అనుమానం. నన్నడిగితే పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్లండి. స్టేషన్ దగ్గరే రోక్కా బ్రాంకాలియోనె అని పాత కోట ఉంది, లోపల పార్కు. అక్కడ తినొచ్చు. బాత్రూం అవసరమైతే ఏదైనా బార్‌లోకి (అక్కడ బార్ అంటే కాఫీ కొట్టే) వెళ్లి కాఫీ ఒకటి చెప్పి అడగండి, కౌంటర్ దగ్గర నిలబడి తాగితే తక్కువలో అయిపోతుంది. గుళ్లలో భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి, ఒక చున్నీ బ్యాగులో పెట్టుకోండి.

ఆ ఆదివారం సమ్మె లేదని ముందే చూసుకోవాలి. షోపెరో, అంటే సమ్మె, అన్న మాట మీకు క్లాసులో ఈపాటికి తగిలే ఉంటుంది. మామూలు రోజుల్లో సమ్మె ఉన్నా పొద్దున ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది రీజనల్ రైళ్లు తప్పకుండా నడపాలి. ఆదివారాలకు ఆ హామీ లేదు. సమ్మె ఉంటే వారం వాయిదా వేసుకోండి, పెళ్లిరోజు పాయసం ఇంట్లో తాగి.

దానికంటే ముందు, ఈ వచ్చే ఆదివారమే ఒక చిన్న నడక చేయండి. మీ ఊళ్లోనే. పోర్తా సరగొజ్జా దగ్గర మొదలై కొండ మీది శాన్ లూకా గుడి దాకా కప్పు ఉన్న దారి, 666 తోరణాలు, నాలుగు కిలోమీటర్లకు కొంచెం తక్కువ. 1674లో కట్టడం మొదలుపెట్టారు. కొండ మీది అమ్మవారి పటాన్ని ఏటా ఊరేగింపుగా కిందికి తెస్తారు, వానకు తడవకుండా ఈ కప్పు. మొక్కుకుని నడిచేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కాకినాడ మనిషి కదా మీరు, అన్నవరం కొండ ఎన్నిసార్లు ఎక్కి ఉంటారో. మీకు ఆ నడక కొత్త కాదు. దారి తప్పే అవకాశమే లేదు కాబట్టి ఆయన ఫోన్ జేబులోనే ఉంటుంది. పక్కపక్కన నడవడం మళ్లీ అలవాటవ్వాలి మీ ఇద్దరికీ. ఇలా కప్పు ఉన్న నడకదారులను పోర్టికోలంటారు, బొలోన్యా పోర్టికోలను 2021లో యునెస్కో గుర్తించింది, కాబట్టి ఆయన జాబితాలోనూ ఒకటి తగ్గుతుంది.

ఆయన వెనిస్ అనే పట్టుబడితే గొడవ పెట్టుకోకండి. చలికాలంలో, సెలవు పెట్టి, వారం మధ్యలో వెళ్దామనండి. వసంతం, వేసవి రోజుల్లో కొన్ని తేదీలకు పగటిపూట వచ్చి వెళ్లేవాళ్లు ముందే నమోదు చేసుకుని ప్రవేశ రుసుము కట్టాలి. పడవ బస్సు ఒక్క టికెట్ 9.50 యూరోలు, 75 నిమిషాలే పనిచేస్తుంది. నలభై నిమిషాలు నడిస్తే స్టేషన్ నుంచి వెనిస్ పెద్ద చౌరస్తా శాన్ మార్కో దాకా పడవ లేకుండానే చేరొచ్చు, ఆ సందులే వెనిస్. కానీ పెళ్లిరోజు ఆదివారం నాడు ఆ జనంలో మిమ్మల్నిద్దర్నీ ఊహించుకోలేకపోతున్నాను.

అత్తయ్యగారికి ఫోటో పెట్టండి, తప్పేముంది. కొడుకూ కోడలూ బాగున్నారని తెలియడమే ఆవిడకు కావలసింది. శాన్ వితాలె ముందు ఇద్దరిదీ ఒక్క ఫోటో, ఎవరినైనా అడిగి తీయించుకోండి. "పువొ ఫార్చి ఉనా ఫోతో?" అని మీరే అడగండి. ఇటాలియన్ కూడా మన తెలుగులాగే అచ్చులతో ముగిసే భాష, మన నోటికి తొందరగా పడుతుంది. తొమ్మిది నెలల క్లాసు మీకు ఎంత ఇచ్చిందో ఆయన ఇంకా వినలేదు.

ఇక బయల్దేరే రోజు. బొలోన్యా స్టేషన్ పెద్దది. బోర్డు మీద ప్లాట్‌ఫాం నంబరు పక్కన ఎస్ట్ అనో ఒవెస్ట్ అనో ఉంటే అవి తూర్పు, పడమర వైపు విడిగా ఉన్న ప్లాట్‌ఫాంలు. మామూలు 3కీ, 3 ఒవెస్ట్‌కీ సంబంధం లేదు. పావుగంట ముందే చేరుకోండి. పర్మిట్ కార్డులు ఇద్దరివీ మీ పర్సులో ఉంచండి. ఫోన్‌లో టికెట్ కొంటే ఎక్కే ముందు దాంట్లోనే చెక్ ఇన్ చేయాలి. కానీ ఈసారి కాగితం టికెట్లే కొనండి. ప్లాట్‌ఫాం దారిలో ఆ మెషిన్ కనబడుతుంది. ఆయన్ని ఒక్క నిమిషం ఆగమని, రెండు టికెట్లూ ఒకదాని తర్వాత ఒకటి మీ చేత్తో అందులో పెట్టండి. టక్కుమని చప్పుడవుతుంది. తేదీ, టైమ్ సరిగ్గా పడ్డాయో లేదో చూసుకుని, ఒకటి ఆయన చేతికివ్వండి.